కొంగున ముడి

సియాటిల్ నుంచి టాపెనిష్‌కి కారులో దాదాపు మూడు గంటలు. కాస్కేడ్ కొండలు దిగగానే అడవి పలచబడి, బోడి గుట్టలు, యాపిల్ తోటలు, గుంజల మీదకి పాకిన, బీరులో వాడే హాప్స్ తీగలు మొదలయ్యాయి. పడమటి వైపు మంచుకొండ ఒకటి. మ్యాపులో మౌంట్ ఆడమ్స్, ఇక్కడి అమెరికా ఆదివాసులైన యాకమా వాళ్లకు పాహ్తో. ఆ కొండ వైపు 21,000 ఎకరాలు వాళ్లకు తిరిగి దక్కింది 1972లో.

యాకమా కల్చరల్ సెంటర్‌ని 76 అడుగుల గుడారం లాంటి కప్పే పట్టిస్తుంది. మ్యూజియంలో నన్ను కదలనివ్వనిది మాత్రం చిన్న దారపు ఉండ. పేరు ఇతితమాత్. ఆడపిల్ల పెళ్లీడుకి వచ్చినప్పటి నుంచి నారదారానికి ముడులు వేస్తూ, ముఖ్యమైన రోజులకు పూసలు గుచ్చుతూ చుట్టుకుంటూ పోయేది. ముసలితనంలో చూపు ఆనకపోయినా వేళ్లతో తడిమి జ్ఞాపకాలు చెప్పేది. పోయాక ఆమెతోపాటే పూడ్చేవారట. మా అమ్మమ్మ పాల లెక్క మరిచిపోకుండా కొంగున ముడి వేసుకునేది. వీళ్లు బతుకంతా వేసుకున్నారు!

1855 జూన్ 9కి ఎలాంటి ముడి వేసి ఉంటారో. ఆ రోజు వాలావాలాలో గవర్నర్ ఐజాక్ స్టీవెన్స్ ఒప్పందం మీద కమాయకిన్ తదితర పెద్దలు గుర్తులు పెట్టారు. 14 తెగలు, గుంపుల భూమి కోటి ఎకరాలకు పైగా పోయింది. రెండు వారాలైనా తిరక్కుండానే వలసదారులకు దారులు తెరిచారు. అదే ఏడు యుద్ధం మొదలై 1858 దాకా సాగింది.

ఇంకో ముడి 1957 మార్చి 10. కొలంబియా నది మీద ద డాల్స్ డ్యామ్ గేట్లు మూయడంతో, తరతరాలుగా సాల్మన్ చేపలు పట్టిన సెలైలో జలపాతం కొన్ని గంటల్లోనే మునిగిపోయింది.

అలాగని ఆ ఒప్పందం అద్దాల పెట్టెలో కాగితం కాదు. అలవాటైన చోట్ల చేపలు పట్టే హక్కు అందులోదే. 2019లో ఒక యాకమా కంపెనీ పెట్రోలు రవాణా మీద రాష్ట్రం పన్ను అడిగితే, రోడ్ల మీద ప్రయాణించే హక్కు ఒప్పందంలో ఉందని సుప్రీంకోర్టు యాకమాల పక్షానే నిలిచింది.

వెళ్లేముందు సందర్శకుల పుస్తకంలో ఇంగ్లిషులో నాలుగు మాటలు రాశాను, వాళ్ల పేరు Yakima అని. కౌంటర్ దగ్గరి పెద్దావిడ చూసి నవ్వింది. "మధ్యలో 'ఐ' కాదమ్మా, 'ఏ'. 'ఐ' ఉన్నది ఊరి పేరు." ఒప్పందంలోని స్పెల్లింగునే 1994లో మళ్లీ తెచ్చుకున్నారట. కొట్టేసి, పక్కనే సరిగ్గా రాశాను.