దర్జీ కొట్టు నుంచి కౌన్సిల్‌కి

తిరుపతిలో కార్పొరేషన్ ఎలక్షన్ల మాట వినబడితే చాలు, అసలు చర్చలన్నీ టీ బంకుల్లోనూ టైలర్ షాపుల్లోనూ నడుస్తాయి. జాకెట్ కొలతలివ్వడానికి వచ్చినామెకు కూడా ఏ డివిజన్‌లో ఎవరు గెలుస్తారో ఉచితంగా చెప్పి పంపిస్తారు. అమెరికాలో టెనెసీ రాష్ట్రం గ్రీన్‌విల్‌లో, తర్వాత ఆ దేశానికి ప్రెసిడెంటయిన ఆండ్రూ జాన్సన్ దర్జీ కొట్టూ అచ్చం ఇలాంటిదే.

1808లో పుట్టాడు, బడి మొహమే చూడలేదు. పిల్లాడుగా ఉన్నప్పుడే ఒక దర్జీ దగ్గర పనికి పెడితే 1824లో పారిపోయాడు, పట్టిస్తే 10 డాలర్లు ఇస్తానని ఆ యజమాని పేపర్లో ప్రకటన వేయించాడు! తర్వాత గ్రీన్‌విల్ చేరి సొంత కొట్టు పెట్టి, 1827లో ఎలైజాను పెళ్లి చేసుకున్నాడు. రాయడం, లెక్కలు ఆవిడ దగ్గరే బాగుపడ్డాయి. కుట్టుమిషన్లు ఇంకా వాడుకలోకి రాని కాలం, అంతా చేతి సూదే. తను కుడుతుంటే పక్కన కూర్చుని చదివి వినిపించడానికి డబ్బులిచ్చి మరీ మనిషిని పెట్టుకునేవాడు (నాకు బాగా నచ్చింది ఇదే). సాయంత్రమైతే కొట్లో వాదనలు. అలా 1829లో కౌన్సిలర్, ఆ తర్వాత మేయర్, 1835లో రాష్ట్ర శాసనసభ.

అయితే నెత్తిన పెట్టుకోవాల్సిన మనిషేం కాదు. కష్టజీవుల మనిషినని చెప్పుకుంటూనే బానిసల్ని కొన్నాడు. వైస్ ప్రెసిడెంటుగా ఉండగా ప్రెసిడెంట్ లింకన్ హత్యతో ఆ పదవిలోకి వచ్చాక, 1866లో నల్లజాతివాళ్లకు పౌరహక్కులిచ్చే బిల్లును వీటో చేశాడు, కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఆ వీటోను తోసేసి బిల్లును చట్టం చేసింది. 1868లో పదవి నుంచి దించడానికి పెట్టిన అభిశంసనలో మాత్రం ఒకే ఒక్క ఓటుతో బయటపడ్డాడు.