ట్యాంకు బోర్డు లాగ్: రంగులు మార్చగలనంటది, మార్చదు

తోట ట్యాంకులో నీటి మట్టం చూపే నా టెర్మినల్ (అక్షరాలతోనే నడిచే తెర) ప్రోగ్రాంలో రంగుల సంగతి ఇంకా తెగలేదు. ఈ టెర్మినల్ రంగులు మార్చగలదా అని అడిగితే ఎన్‌కర్సెస్ (టెర్మినల్ తెరను గీసే లైబ్రరీ) అవునంటది. మార్చమంటే సరే అంటది. ఫోన్ తెర మీద మాత్రం ఒక్క రంగూ మారదు. ఎక్కడా ఎర్రర్ లేదు. ఎర్రర్ వచ్చినా బాగుండేది, పట్టుకోవడానికి ఒక కొస దొరికేది.

మిగతా పనంతా నడుస్తున్నది. గుర్రంపోడు దిక్కు మా చిన్నాయన బత్తాయి తోటలో, నిండు నీళ్లకు 25 సెంటీమీటర్ల పైన సెన్సర్ బిగించినంక రీడింగ్ ఎగరడం ఆగింది. మోటారు ఆంపియర్లూ సరిగ్గ వస్తున్నయి. షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే కంప్యూటర్), దానికో చిన్న తెర. నేను నల్లగొండ నుంచి, చిన్నాయన ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి దాని టెర్మినల్‌లోకి పోయే దారి) చూస్తం.

ఇక రంగుల కథ. ట్యాంకు మట్టానికి 16 మెట్లు పెట్టిన. ఖాళీ అయితే నారింజ, నిండితే ఆకుపచ్చ, నడుమ మెల్లమెల్లగ మారాలె. మామూలు రంగులు చెడిపోవద్దని 16 నుంచి 31 నంబర్ల దాకా ఇనిట్_కలర్‌తో (ఒక నంబరు రంగును మార్చే ఎన్‌కర్సెస్ ఆదేశం) కొత్త రంగులు పోసిన. మొదటిది వెయ్యికి ఎరుపు 1000, ఆకుపచ్చ 500, నీలం 0, అంటే మంచి నారింజ. షెడ్డులోని పై తెర మీద టెర్మ్ (టెర్మినల్ తన పేరు చెప్పుకునే చోటు) విలువ లినక్స్. అక్కడ ఉన్న రంగులు 8. 16వ నంబరే లేదు కాబట్టి ఉన్న వాటిలోనే నాలుగు మార్చుకున్న, అవి మారినయి. లాప్‌టాప్‌లో ఎక్స్‌టెర్మ్ అనే టెర్మినల్: 256 రంగులు, అన్నీ మారినయి. చిన్నాయన ఫోన్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ యాప్ కూడ ఎక్స్‌టెర్మ్-256కలర్ అనే చెప్పుకుంటది. క్యాన్_చేంజ్_కలర్ (రంగులు మార్చొచ్చా అనే ప్రశ్న) అక్కడా ట్రూ, ఇనిట్_కలర్ అక్కడా ఓకే. కానీ చిన్నాయన ఫోన్ చేసి, "ఏందిరా, ట్యాంకు ఖాళీ అయితే డబ్బానే కనవడ్తలేదు. నీళ్లెక్కుతుంటే నీలం అయితది, ఎంటనే పచ్చగైతది, మళ్ల నీలం. ఏది నమ్మాలె?" అన్నడు.

జవాబు ఆ మాటలోనే ఉంది. 256 రంగుల పట్టికలో 16 నుంచి 231 దాకా 6×6×6 ఘనం (మూడు రంగులకూ ఆరేసి మెట్లు): ఎరుపుకు 36, ఆకుపచ్చకు 6, నీలానికి 1 చొప్పున నంబరు పెరుగుతది. 16 అంటే నలుపు. 17 నుంచి 21 దాకా ముదురు నీలం లేతవుతూ పోతది. 22 దగ్గర ఒక్కసారి ముదురు పచ్చ, 27 దాకా మళ్ల నీలం దిక్కు, 28 దగ్గర ఇంకోసారి పచ్చ. చిన్నాయనకు కనబడ్డది అచ్చం ఈ వరసే. నల్ల తెర మీద నల్ల డబ్బా కాబట్టి ఖాళీ ట్యాంకు కనబడలేదు. అంటే నేను పోసిన రంగులు టెర్మినల్‌కు ఎక్కనే లేదు.

లైబ్రరీ అసలు పంపిందా అని అనుమానం వచ్చింది. స్క్రిప్ట్ కమాండ్‌తో సెషన్ రికార్డు చేసి, ఫైలును క్యాట్ -వి తో చూసిన. టెర్మినల్‌కు పోయిన ఆదేశం ఇది: ఎస్కేప్, కుడి చదరపు బ్రాకెట్, ఆ వెనక 4;16;ఆర్‌జీబీ:ఎఫ్ఎఫ్/7ఎఫ్/00. శుభ్రంగ ఉంది. 500ని 255తో హెచ్చించి 1000తో భాగిస్తే 127.5, చిల్లర వదిలేస్తే 127, హెక్స్ (16 ఆధారం) లెక్కలో అదే 7ఎఫ్. లెక్క కూడ తప్పలేదు. అదే వరసను ఎన్‌కర్సెస్ లేకుండ ప్రింట్‌ఎఫ్ కమాండ్‌తో నేరుగ కొట్టిన. ఎక్స్‌టెర్మ్‌లో మారింది, యాప్‌లో ఉలుకు లేదు పలుకు లేదు.

ఇక్కడ తెలిసిందేందంటే, క్యాన్_చేంజ్_కలర్ టెర్మినల్‌ను ఏమీ అడగదు. టెర్మ్‌లో ఉన్న పేరు పట్టుకొని టెర్మ్‌ఇన్ఫోలో (టెర్మినళ్ల సామర్థ్యాల పట్టిక) ఆ పేరు కింద సీసీసీ ('రంగులు మార్చొచ్చు' అనే గుర్తు) ఉన్నదా అని చూస్తది, అంతే. ఇనిట్_కలర్ ఓకే అన్నా 'పంపిన' అనే అర్థం, 'మారింది' అని కాదు. టెర్మ్‌ఇన్ఫోను చదివే టైగెట్‌ఫ్లాగ్, టైగెట్‌నమ్, టైగెట్‌స్ట్ర్ అన్నీ ఇదే బాపతు. ఎక్స్‌టెర్మ్‌నూ ఎన్‌కర్సెస్‌నూ నడిపించేది థామస్ డిక్కీ గారే కాబట్టి టెర్మ్‌ఇన్ఫోలోని ఆ వివరణ ఎక్స్‌టెర్మ్‌కు అతికినట్టు సరిపోతది. ఆ పేరు అరువు తెచ్చుకున్న టెర్మినల్‌కు సరిపోవాలని ఏముంది? నా అభిప్రాయం సూటిగా చెప్తున్న: ఎక్స్‌టెర్మ్ చేసే పనులన్నీ చేయలేని యాప్ ఆ పేరు పెట్టుకోవద్దు. ఇంకోటి, టెర్మ్‌ఇన్ఫోను చూపే ఇన్ఫోసీఎంపీ కమాండ్ వాడితే -ఎక్స్ పెట్టే వాడాలె. లేకపోతే అదనపు సామర్థ్యాలు కంటికే ఆనవు.

అట్లయితే టెర్మినల్‌నే అడుగుదామనుకున్న. అదే ఆదేశంలో రంగు విలువకు బదులు ప్రశ్నార్థకం పెడితే ఆ నంబరు రంగేందో ఎక్స్‌టెర్మ్ తిరిగి చెప్తది. చెప్పని టెర్మినల్ కోసం ఎంతసేపు చూడాలె అన్నది చిక్కు. దానికి దాని వెంటనే డీఏ1 ప్రశ్న (నువ్వు ఏ టెర్మినల్‌వని అడిగేది) కూడ పంపాలె: ఎస్కేప్, ఎడమ చదరపు బ్రాకెట్, సీ. దీనికి జవాబియ్యని టెర్మినల్ నాకింకా తగల్లేదు. రంగు జవాబు రాకుండ డీఏ1 జవాబు ముందొస్తే ఆ టెర్మినల్‌కు రంగు ప్రశ్న తెల్వదన్నట్టు. లినక్స్ కన్సోల్‌ను మాత్రం ఇట్ల అడగను, దాని పాలెట్ పద్ధతి వేరు.

ఇనిట్‌ఎస్‌సీఆర్‌కు (ఎన్‌కర్సెస్ మొదలయ్యే చోటు) ముందే టెర్మినల్‌ను రా మోడ్‌లో (ప్రతి అక్షరం నేరుగ అందేటట్టు) పెట్టి, జవాబు కోసం ఆగే గడువుకు వీమిన్ 0, వీటైమ్ 2 పెట్టిన. వీటైమ్ లెక్క సెకనులో పదో వంతు కాబట్టి 200 మిల్లీసెకన్లు. ఇంట్ల వైఫై మీద జవాబు 40 లోపే వచ్చింది. తోట కాడ లాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపితే పొద్దున 90, సాయంత్రం సిగ్నల్ సన్నగిల్లినంక 350 నుంచి 600 దాకా. 200 దాటినంక వచ్చిన జవాబును ఎన్‌కర్సెస్ కీబోర్డు మీద నొక్కినట్టే తీసుకున్నది. జవాబులో ఆర్, జీ, బీ అక్షరాలుంటయి. నా బోర్డులో బీ నొక్కితే రెండో బోరు స్క్రీన్. ఎవ్వరూ ముట్టకుండనే స్క్రీన్ అటు దుంకింది. మోటారు కీ ఎమ్, జవాబులో ఆ అక్షరం రాదు. అయినా మోటారుకు రెండుసార్లు నొక్కాలనే నియమం ఆ రోజే పెట్టిన.

ఇప్పుడు వీటైమ్ వదిలేసి పోల్‌తో (జవాబు కోసం ఎదురుచూసే ఫంక్షన్) డీఏ1 జవాబులోని సీ వచ్చేదాక, ఎక్కువలో ఎక్కువ 1500 మిల్లీసెకన్లు చూస్తున్న. తర్వాత టీసీఫ్లష్‌తో మిగిలిన అక్షరాలు పారేస్తున్న. చాలామట్టుకు ఆగింది గని, సాయంత్రం పూట ఎప్పుడో ఒకసారి 1500 కూడ దాటుతున్నది. టవర్ మీద రద్దీనా, ఎస్‌ఎస్‌హెచ్ కింద నడిచే టీసీపీ పోయిన ప్యాకెట్‌ను మళ్ల పంపుతున్నదా? నా అనుమానం రెండోదాని మీద, ఎందుకంటే ఆలస్యాలు కొంచెం కొంచెం పెరగకుండ ఒక్కసారి ఎగురుతున్నయి.

అందుకే ఫోన్ వరకు ప్రశ్నలే లేని దారి పట్టిన. సొంత టెర్మ్‌ఇన్ఫో ఎంట్రీ ఒకటి: పేరు తోట-256, అందులో సీసీసీ@, ఇనిట్‌సీ@ (ఇనిట్‌సీ అంటే రంగు మార్చే ఆదేశం) అని రెంటినీ కొట్టేసి, ఆఖరుకు యూజ్=ఎక్స్‌టెర్మ్-256కలర్, అంటే మిగతావన్నీ దాన్నుంచే. కొట్టేసేవి యూజ్ కంటే ముందే ఉండాలె. ఎంట్రీని కంపైల్ చేసే టిక్ -ఎక్స్ కొడితే హోమ్‌లోని .టెర్మ్‌ఇన్ఫో ఫోల్డర్‌లో పడింది, రూట్ అధికారం అవసరం లేదు. యాప్ సెట్టింగ్‌లో టెర్మినల్ పేరు మారిస్తే చాలు. ఎస్‌ఎస్‌హెచ్ ఆ పేరును పీటీవై (సర్వర్ దిక్కు టెర్మినల్) అడిగేటప్పుడే పంపుతది, సర్వర్‌లో ఏమీ మార్చనక్కర లేదు. క్యాన్_చేంజ్_కలర్ ఇప్పుడు ఫాల్స్ అంటది. ఈ మాట విని ఇంత సంతోషపడతనని అనుకోలేదు.

ఫాల్స్ వచ్చినప్పుడు ఘనంలోని రంగులే: 214, 178, 142, 106, 70, 34. ఒక్కోదానికి 36 తగ్గుతది, అంటే ఎరుపు మాత్రమే దిగుతది. పండిన బత్తాయి నుంచి పచ్చి కాయ దాకా ఉన్నట్టే ఉంది వరస. 16 మెట్లు పోయి 6 మిగిలినయి. చిన్నాయనకు ఆరే నచ్చినయి, దూరం నుంచి తేడా తెలుస్తుందట. నాకు 16 మీద మనసు పోలేదు, లాప్‌టాప్‌లో అవే ఉంచిన.

తర్వాత నాట్‌కర్సెస్ (ఎన్‌కర్సెస్ లాంటి ఇంకో లైబ్రరీ) ముట్టి చూడాలె. అది టెర్మ్‌ఇన్ఫోతో ఆగకుండ టెర్మినల్‌నే అడుగుతది, ఆలస్యమైన జవాబులను ఎట్ల పడుతున్నదో దాని కోడ్‌లో చదవాలె. నాట్‌కర్సెస్-ఇన్ఫోను ఆ యాప్‌లో ఒకసారి నడిపితే ఇంకేమేం లేవో బయటపడతది. దానికంటే ముందు బోర్డు మీద పేర్లు తెలుగులో రావాలె. 'బోరు', 'ట్యాంకు' రాస్తే గీతలు పక్కకు జరుగుతున్నయి. ఎన్‌కర్సెస్ ఒక్కో కోడ్‌పాయింట్‌కు (యూనికోడ్ అక్షర ముక్క) డబ్ల్యూసీవిడ్త్ (వెడల్పు చెప్పే ఫంక్షన్) అడిగి గడులు లెక్కపెడుతది, టెర్మినల్ 'ట్యా'ను తన లెక్కలో గీస్తది. రాసినంక కర్సర్ ఎక్కడుందో టెర్మినల్‌నే అడిగి, రెండు లెక్కల తేడా అక్షరం అక్షరానికి పట్టిక వేస్త. ఈసారి మాత్రం ఇంటి వైఫై మీదనే.