నా ఊపిరితిత్తుల్లో కొండరాయి

నాకు వచ్చినవి రెండు జబ్బులు, ఒకదాని వెంట ఒకటి. వైద్యులు వాటిని కలిపి సిలికో-ట్యుబర్‌క్యులోసిస్ అంటారు. అందులో క్షయ పూర్తిగా నయమైంది. సిలికోసిస్ నయం కాలేదు, ఇక కాదు కూడా, ఎందుకంటే రాతిధూళి ఊపిరితిత్తుల్లో చేసిన మచ్చలను తీసేసే మందు ఇంతవరకు ఎక్కడా లేదు. అయినా నేను కోలుకున్నాననే చెబుతాను. మంచం మీద కూర్చుని అన్నం కలుపుకోవడానికే ఆయాసపడిన మనిషిని ఇప్పుడు సంతకు నడిచి వెళ్లి వస్తున్నాను.

మాది ఉమ్మడి కడప జిల్లాలో రైల్వేకోడూరు వైపు ఊరు. ఒకవైపు పాలకొండలు, ఇంకొకవైపు వెలికొండలు. మధ్యలో ఉన్న మంగంపేట ముగ్గురాయికి, అంటే బెరైటీసుకు, ప్రపంచంలోనే పేరుంది. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలికి పంపే బురదకు బరువు చేకూర్చడానికి ఈ రాతిపొడిని వాడతారు, ఎందుకంటే ఇది నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువైనది. నేను ఆ గనిలో పనిచేయలేదు. చుట్టుపక్కల గుట్టల మీద రాయి తీసే కాంట్రాక్టర్ల దగ్గర, మధ్యమధ్య ఒక ముగ్గురాయి మిల్లులో, వయసులో ఉన్నప్పటి నుంచి నా బతుకంతా గడిచింది.

నా పని జాక్‌హామర్‌తో బండకు తూట్లు కొట్టడం. ఆ తూట్లలో మందు దట్టించి పేల్చేవారు. పనికొచ్చే రాయి దొరకాలంటే ముందుగా దాని మీదున్న పనికిరాని బండనంతా తీసివేయాలి, మా వైపు ఆ బండలో పలుగురాయి ఎక్కువ. పలుగురాయి అంటే దాదాపు అచ్చమైన సిలికాయే, సిలికోసిస్ తెచ్చేది ఆ ఖనిజపు ధూళే. తూటులోకి నీళ్లు పంపుతూ కొడితే ధూళి బురదగా మారి కిందికి దిగుతుంది. కానీ ట్యాంకరుకు డబ్బవుతుందని, పని నెమ్మదిస్తుందని మా చేత పొడిగానే కొట్టించేవారు. కంప్రెషర్ గాలికి తూటులోంచి తెల్లటి పొడి ఎగజిమ్మి కనురెప్పల మీద, చెవుల్లో, అన్నం క్యారియర్ మూత మీద పిండిలా పేరుకునేది. ముఖానికి తువాలు చుట్టుకునేవాళ్లం. తువాలు ఆపగలిగేది కంటికి కనిపించే ముతక ధూళినే. ప్రాణం తీసేది కంటికి ఆనదు, మిల్లీమీటరులో వందో వంతుకన్నా చిన్నదైన ఆ నలుసు గుడ్డ పోగుల మధ్య నుంచి దూరి ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళుతుంది.

మొదట పొడిదగ్గు పట్టుకుంది, తర్వాత ఎగువ దారి ఎక్కేటప్పుడు ఆయాసం మొదలైంది. ఊళ్లోని ప్రైవేటు డాక్టరు ఉబ్బసం అని చెప్పి పీల్చే మందు రాశాడు, బీడీలు మానేయమన్నాడు. నేను జన్మలో బీడీ ముట్టలేదు. ఏం పని చేస్తావని మాత్రం ఆయన అడగలేదు. ఆ తర్వాత సాయంత్రమయ్యేసరికి జ్వరం రావడం, చొక్కా వదులు కావడం, చివరికి కళ్లెలో నెత్తురు కనిపించడంతో నా భార్య ఇక ఎవరి మాటా వినకుండా కడపలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది.

కళ్లెను సీబీనాట్ పరీక్షకు పంపారు, క్షయ అని తేలింది. అయితే ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ అక్కడితో ఆగలేదు. రెండు ఊపిరితిత్తుల పైభాగాల్లో ఆవాలు చల్లినట్టున్న చుక్కలను వేలితో చూపిస్తూ, ఏ రాయి కొట్టేవాడివి, ఎన్నేళ్లు, పొడిగానా తడిగానా అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. మిల్లు సంగతి చెప్పగానే ఆమె ముఖంలో కాస్త ఆశ కనిపించింది. ముగ్గురాయి ధూళి మాత్రమే చేరితే ఎక్స్‌రేలో చుక్కలు భయంకరంగా కనిపిస్తాయి గానీ హాని తక్కువని, పని మానేస్తే కొన్నేళ్లకు అవి పలచబడతాయని, దాన్ని బెరిటోసిస్ అంటారని వివరించారు. సీటీ స్కాన్‌లో ఆ ఆశ నిలవలేదు. ఊపిరితిత్తుల మొదట్లో ఉండే గ్రంథుల అంచుల చుట్టూ గుడ్డుపెంకులాంటి సున్నపు పొర కట్టింది. అది సిలికా చేసిన పని.

క్షయ ఎందుకు వచ్చిందో కూడా ఆమే చెప్పారు. ఊపిరితిత్తుల్లో బయటి నుంచి వచ్చినవాటిని మింగి శుభ్రం చేసే కణాలు ఉంటాయి. అవి సిలికా నలుసును మింగితే దాన్ని అరిగించుకోలేక చచ్చిపోతాయి. నలుసు మళ్లీ బయటపడుతుంది, మరో కణం దాన్ని మింగి తానూ చస్తుంది. చుట్టూ మచ్చ కడుతుంది. క్షయ క్రిమిని ఎదుర్కోవలసినవీ ఈ కణాలే కనుక వాటి బలం తగ్గినచోట అది సులువుగా నాటుకుంటుంది. మామూలుగా ఆరు నెలలు వాడే మందులను నా వంటివాళ్లకు అంతకన్నా ఎక్కువ కాలం వాడిస్తారు. తొలి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తర్వాత మూడు మందులవి, అన్నీ ఉచితంగానే ఇచ్చారు. పరగడుపున మాత్రలు వేసుకోగానే కడుపులో తిప్పేది, మూత్రం ఎర్రగా వస్తే నెత్తురేమోనని హడలిపోయాను, కీళ్లు పట్టేశాయి. మూత్రానికి ఆ రంగు రిఫాంపిసిన్ వల్ల వస్తుందని, భయం లేదని ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ధైర్యం చెప్పింది. ఆ అమ్మాయి రాకపోయి ఉంటే సగంలోనే మానేసేవాడినని నా నమ్మకం.

ఆ రోజుల్లో నన్ను చూడటానికి గోదావరిఖని నుంచి మా అక్క కొడుకు వచ్చాడు. సింగరేణిలో ఓపెన్‌కాస్టు గనిలో ఉద్యోగం. "ఒక టన్ను బొగ్గుకు ఎన్ని ఘనపు మీటర్ల మట్టి తీయాలన్నదే మా దగ్గర లెక్కంతా, మామా. పైపైన ఉన్న బొగ్గు అయిపోయేకొద్దీ ఆ లెక్క పెరుగుతుంది" అన్నాడు. మంచి బొగ్గు తరిగిపోయిన కొండల్లో ఏం జరుగుతుందో చూడాలంటే అమెరికాలోని అపలాచియన్ పర్వతాల సంగతి చదవమని తానే కూర్చుని చదివి వినిపించాడు. వెస్ట్ వర్జీనియా, కెంటకీ వైపు మందపాటి పొరలు అయిపోయాక సన్నపొరల కోసం కొండ శిఖరాలనే పేల్చి ఆ రాయినంతా లోయల్లోకి నెట్టారట. 1985 నుంచి 2001 వరకు 1,100 కిలోమీటర్లకు పైగా వాగులు ఆ రాయి కింద పూడిపోయాయని అక్కడి ప్రభుత్వమే లెక్క కట్టింది.

నన్ను పట్టి ఊపింది వాగుల లెక్క కాదు, మనుషుల లెక్క. సన్నపొర తీసేటప్పుడు బొగ్గుతో పాటు పైనా కిందా ఉన్న రాయి కూడా తెగుతుంది, అందువల్ల కార్మికుడు పీల్చే ధూళిలో సిలికా పాలు పెరుగుతుంది. భూగర్భంలో దిగని వాళ్లకు ఊపిరితిత్తుల ధూళిజబ్బు రాదని అక్కడ కూడా చాలాకాలం అనుకునేవారు. 2010-11లో ఉపరితల గనుల కార్మికులు 2,328 మందికి ఎక్స్‌రేలు తీస్తే 46 మందికి ధూళిజబ్బు తేలింది, వారిలో 37 మంది ఎన్నడూ భూగర్భంలో పనిచేయనివారే. 2018లో వెలువడిన మరో పరిశీలన ప్రకారం మధ్య అపలాచియాలో పాతికేళ్లు పైబడి పనిచేసిన బొగ్గు కార్మికుల్లో ఐదుగురిలో ఒకరికి ఈ జబ్బు ఉంది. అక్కడి గనుల గాలిలో సిలికా ధూళి పరిమితిని సగానికి తగ్గిస్తూ 2024లో నియమం తెచ్చారు, ఆ తర్వాత దాని అమలు వాయిదా పడింది. ఆకాశం కింద, గాలి ఆడేచోట పనిచేస్తున్నాం కదా, మనకేమవుతుందని మా గుట్టల మీద మేం చెప్పుకున్న ధైర్యం ఎంత ఉత్తదో ఆ అంకెలు విన్నప్పుడే తెలిసింది. ఖనిజం టన్ను ధరలో డీజిలు ఉంటుంది, మందుగుండు ఉంటుంది, టిప్పరు బాడుగ ఉంటుంది. నా మందులు, నా భార్య పోగొట్టుకున్న కూలి అందులో ఎక్కడా లేవు, ఆ ఖర్చు మా ఇల్లు భరించింది. ఇది అన్యాయమని నేను గట్టిగా అనుకుంటున్నాను.

సిలికోసిస్ వృత్తివ్యాధి అని, దానికి నష్టపరిహారం ఇవ్వాలని నేను పనిచేసిన కాలంలో అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం షెడ్యూలులోనే ఉండేది. గనుల కార్మికులకు ఐదేళ్లకోసారి ఛాతీ ఎక్స్‌రేతో సహా వైద్యపరీక్ష చేయించాలన్న నియమం నేను పనిచేసిన కాలమంతా ఉంది. నాకు ఒక్కసారి కూడా తీయలేదు. దరఖాస్తు పెట్టినప్పుడు నేను పనిచేసినట్టు కాగితం చూపమన్నారు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా హాజరు పుస్తకం కూడా అతనితోనే పోయింది, జీతం చేతికిచ్చేవారు. డాక్టరమ్మ నా పని వివరాలన్నీ కేసుషీటులో రాసి ఉండటం, ఇద్దరు తోటి పనివాళ్లు సాక్ష్యం ఇవ్వడానికి ఒప్పుకోవడం వల్ల దరఖాస్తును తిప్పి పంపకుండా తీసుకున్నారు. ఇంకా తేలలేదు.

ఇప్పుడు ఇంటి ముందు చిన్న అంగడి పెట్టుకున్నాను. చలికాలంలో ఛాతీ పట్టేస్తుంది, బస్తా ఎత్తలేను. క్షయ తిరగబెట్టిందేమో చూడటానికి కళ్లె పరీక్షకు, ఎక్స్‌రేకు వెళుతున్నాను. సాక్ష్యానికి వస్తానన్న ఇద్దరిలో ఒకడికి ఈమధ్య దగ్గు ఆగడం లేదు. ఈసారి వెళ్లేటప్పుడు అతణ్ణి కూడా వెంట తీసుకెళ్లి, ముందుగా పొడిగా కొట్టిన తూట్ల సంగతి డాక్టరమ్మకు చెప్పించాలని అనుకున్నాం.