‘ఫినిష్ లేని గుర్రం’ అన్నారు: వాటా కొన్నప్పటి నుంచి 1600 గెలిచేదాకా నా అనుభవం

ఈ వారం హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో మా ఫిల్లీ (వయసులో చిన్న ఆడ గుర్రం) 1600 మీటర్ల రేసు గెలిచింది. ఆ సంతోషం ఇంకా ఒంట్లో ఉండగానే రాస్తున్నాను, ఎందుకంటే మొన్నటిదాకా దీనికి ఫినిష్, అంటే ఆఖర్లో దూసుకొచ్చే సత్తా, లేదని ముద్ర వేసి, వచ్చిన రేటుకి అమ్మేయమని చెప్పినవాళ్లున్నారు.

ఈ గుర్రంలో వాటా కొనడం, వెటర్నరీ డాక్టర్‌కి చూపించడం, ఓనర్‌గా పేరు ఎక్కించుకోవడం, ఇవేవీ కష్టం కాలేదు. భాగస్వాముల మధ్య ఖర్చుల లెక్క మాత్రం కాగితం మీద పెట్టుకోండి, నోటిమాట మీద వదలొద్దు.

అసలు బాధ రేసుల్లో దింపాక మొదలైంది. ట్రైనర్ వరసగా 1200 మీటర్ల రేసుల్లోనే ఎంట్రీ వేశాడు. గేటు తెరవగానే జాకీ ముందుకి తోలడం, స్ట్రెయిట్‌లోకి (ఆఖరి మలుపు తర్వాతి తిన్నని దారిలోకి) మాదే మొదట రావడం, ఆఖరి 200లో నాలుగు గుర్రాలు దాటిపోవడం, ప్రతిసారీ ఇదే. దీని తల్లి గెలిచినవన్నీ 1600, ఆపైన దూరాలే, అక్కడ ఒకసారి చూద్దాం అని మర్యాదగానే అడిగాను. ప్యాడాక్ (రేసుకి ముందు గుర్రాల్ని తిప్పి చూపించే చోటు) దగ్గర మా బావ, మిగతా వాటాదారులు, రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డ పంటర్లు (పందెం కాసేవాళ్లు) అందరూ వింటుండగా ట్రైనర్, "సార్, 1200కే దమ్ము చాలని గుర్రం 1600లో ఏం పీకుతుంది? లెక్కలు మీ ఆఫీసులో చూసుకోండి, గుర్రాలు మాకు వదిలేయండి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నెలనెలా ఫీజు ఒక్కరోజు ఆలస్యం కాకుండా కట్టే మనిషికి దక్కిన గౌరవం అది. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు, ఇప్పుడు రాస్తుంటే కూడా ఒళ్లు మండుతోంది.

ఇక రేసు వీడియోలు ముందేసుకుని స్టాప్‌వాచ్ పట్టుకున్నాను. 200 మీటర్ల గుర్తు దాటినప్పుడల్లా నొక్కడమే. ఒక 1200లో మాది మొదటి 600 మీటర్లు 34.5 సెకన్లలో పోయింది, చివరి 600కి 38 పట్టింది. ఆఖరి 200 అయితే 13.6. మెరుపులా దూసుకొచ్చిందని అందరూ పొగిడిన గుర్రం అదే 200ని 12.6లో వచ్చింది, అంతకు ముందు 200 కన్నా అది కూడా నెమ్మదించింది! వేగం పెరిగిన గుర్రమే లేదక్కడ. తక్కువ అలసిన గుర్రం ఎక్కువ అలసినవాటిని దాటింది, మన కంటికి అది ఫినిష్‌లా కనపడింది.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. అమెరికాలో 1973లో జరిగిన బెల్మాంట్ స్టేక్స్ రేసు టైమింగులు చూడండి. మైలున్నర రేసులో సెక్రటేరియట్ అనే గుర్రం మొదటి ముప్పావు మైలు 1 నిమిషం 9.8 సెకన్లలో పోయింది, ఆఖరి పావు మైలుకి 25 సెకన్లు తీసుకుంది. అంటే చివర్లో నెమ్మదిస్తూనే 31 లెంత్‌ల (గుర్రపు పొడవుల) తేడాతో గెలిచింది. మొదట్లో దానితో పోటీపడిన షామ్ అనే గుర్రం ఆఖరి స్థానంలో వచ్చింది. అదే సెక్రటేరియట్ అదే ఏడాది కెంటకీ డెర్బీలో వెనక నుంచి మొదలుపెట్టి, ప్రతి పావు మైలునీ ముందుదానికన్నా వేగంగా పరిగెత్తి, ఆఖరిది 23 సెకన్లలో ముగించింది. గుర్రం ఒకటే, పేస్ (రేసు పొడవునా వేగాన్ని పంచుకున్న తీరు) వేరు. ఆక్సిజన్ అందే మేరకు పరిగెత్తితే శక్తి నిలుస్తుంది. ఆ హద్దు దాటి చేసే పరుగు అప్పు తెచ్చి ఖర్చుపెట్టడం లాంటిది, ఆ అప్పు ఆఖరి ఫర్లాంగులో వసూలవుతుంది. 1200లో మొదటి నుంచీ ఆ హద్దు పైనే ఉంటారు. 1600లో మొదటి సగం కాస్త ఊపిరి తీసుకోవచ్చు.

ట్రైనర్‌కి ఇవన్నీ చెప్పి లాభం లేదని తెలిసి, సగానికి పైగా వాటా ఉన్నవాళ్లం సంతకాలు పెట్టి 1600 ఎంట్రీ అడిగాం. మీరు కూడా నోటితో బతిమాలకండి, రాతపూర్వకంగా అడగండి, స్వరం వెంటనే మారుతుంది. జాకీకి నాలుగైదు స్థానాల్లో పట్టి కూర్చోమని చెప్పించాం. మొదటి 800 మీటర్లు 51 సెకన్లు. ఆఖరి 400 మీటర్లు 24.2. 1200లో ఇదే గుర్రం ఆఖరి 400కి 26 సెకన్లు తీసుకుంది. దూరం 400 పెరిగినా ముగింపు దాదాపు రెండు సెకన్లు మెరుగైంది. దమ్ము లేదన్నది ఈ గుర్రానికే! స్ట్రెయిట్‌లో అది బయటికొచ్చి ఒక్కొక్కదాన్నీ దాటుతుంటే మా బావ అరిచిన అరుపుకి గొంతు పోయింది.

ట్రైనర్ వచ్చి చెయ్యి కలిపాడు, ఆ రోజు అన్న మాట గురించి మాత్రం నోరెత్తలేదు. ఇప్పుడు తనే 2000కి వేద్దాం, ఇలాగే వెనక నుంచి తెద్దాం అంటున్నాడు. దూరానికి నేను సరే అన్నాను, వెనక నుంచి అన్నదానికి ఒప్పుకోలేదు. ఎంట్రీలు చూస్తే ముందుకు తోసుకుపోయే గుర్రం ఒక్కటీ లేదు. పేస్ చచ్చిపోతే, అంటే మొదట్లో రేసు నెమ్మదిగా సాగితే, ముందున్నది కూడా ఆఖరి 400కి తాజాగానే ఉంటుంది, అప్పుడు వెనక నుంచి ఎంత మంచి గుర్రమైనా అందుకోలేదు. అందుకే ఈసారి జాకీని రెండో స్థానం వదలొద్దని రాసి పంపాం.