ఫీజు పెట్టిన తర్వాత

ఉచితంగా నడిపిన మా ఆన్‌లైన్ ఫిట్‌నెస్ గ్రూప్‌కి నెల ఫీజు పెట్టిన రాత్రి నిద్ర పట్టలేదు, ఒకటే టెన్షన్. చాలామంది వెళ్లిపోయారు. బాధేసింది. ఉన్నవాళ్లు మాత్రం రోజూ రావడం మొదలుపెట్టారు. వ్యాయామం వీడియోలు ఎక్కడైనా దొరుకుతాయి, "నిన్న రాలేదేం?" అని అడిగే మనిషే దొరకడం కష్టం. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దాన్ని ఐదు రోజులకి, రోజుకో అరగంటగా పంచాను. సప్లిమెంట్ల ప్రకటనలు ఒప్పుకుంటే ఆదాయం ఇంకా పెరిగేది, నిజమే. నేను వాడనిది కొనమని వాళ్లకెలా చెప్పను? చేరినప్పుడు మోకాళ్ల నొప్పులన్న ఒకావిడ, నిన్న ఆగకుండా మెట్లెక్కానని వాయిస్ మెసేజ్ పెట్టారు. నాలుగుసార్లు విన్నాను.