మూడో పాట

ఆదివారం, రాత్రి పదకొండున్నర.

మా వీధి తమ్ముడు తన బ్లూస్ ఆల్బం ఫోన్‌కు పంపి వారమైంది. బ్లూస్ అంటే అమెరికాలో నల్లజాతి వాళ్ల నుంచి పుట్టిన పాటల తీరు. కంపెనీ ఏదీ లేదు, సొంత డబ్బుతో చేసుకున్నాడు. ఏడు పాటలు. "ఎట్లుందన్నా?" అని రెండుసార్లు అడిగితే "వింటున్న, వింటున్న" అని తప్పించుకున్నాను. నిజానికి నాలుగుసార్లు విన్నాను. ఎక్కడా తప్పు లేదు. అదే ఇబ్బంది. ఇస్త్రీ చొక్కాలాగా ఉంది.

ఈ సాయంత్రం నక్కలగుట్టలో వాడి ప్రోగ్రాం. ఎదురుపడితే ఏం చెప్పాలా అని పొద్దున్నుంచి టెన్షన్. అమ్మ కూడా వస్తానంది. ఫాతిమానగర్ బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, వెళ్లేసరికి మొదటి పాట అయిపోయింది. చిన్న హాలు, ముప్పై ప్లాస్టిక్ కుర్చీలు, సగం చుట్టాలే.

మూడో పాటకు గిటార్‌ను ఓపెన్ జీకి, అంటే వట్టి తీగలు మీటినా జీ కార్డు పలికేలా, శ్రుతి మార్చి, చిటికెన వేలికి ఓ ఇనుప సాకెట్ తొడుక్కున్నాడు. బండ్లు రిపేరు చేసే వాళ్ల నాన్న పెట్టెలోంచి తెచ్చుకున్నదట. దాన్ని తీగల మీద జార్చాడు. 1903 ప్రాంతంలో మిసిసిపీలోని టట్‌విలర్ స్టేషన్లో బ్లూస్ పాటలను కాగితం మీద రాసి అచ్చేయించిన సంగీతకారుడు డబ్ల్యూ.సీ. హ్యాండీ రైలు కోసం కూర్చుంటే, పక్కన ఒకతను కత్తిని తీగలకు అదిమి వాయించాడట. రెండు రైలు లైన్లు కలిసే చోటుకు పోతున్నా అని ఒకే మాటను మూడుసార్లు పాడాడట. కాజీపేట జంక్షన్ వాళ్లకు ఇందులో వింతేముంది!

మనవాడి పాట కూడా రైలే.

"బండి రెండు గంటలు లేటన్నరు,
అగో, బండి రెండు గంటలు లేటు.
మంచిదే అయింది, పోవాల్నో వద్దో ఇంకా తేల్చుకోలే."

మూడే కార్డులు (కలిపి మీటే స్వరాల గుంపులు), పన్నెండు బార్లు (తాళం చుట్లు), మళ్లీ మొదటికి. ఆ "లేటు" దగ్గర గొంతు సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ, అంటే కింది 'గ'కూ పై 'గ'కూ, మధ్య ఎక్కడో ఊగింది. ఒళ్లు జలదరించింది. ఆల్బంలో ఇది లేదే!

"ఒక్కటే మాట రెండుసార్లు ఎందుకంటుండు?" అంది అమ్మ. బ్లూస్ పాట కట్టేదే అట్లా అని చెప్పబోయాను. ఆమె వినలేదు. "నాట్లేసేటప్పుడు మేమూ గంతే. ముందామె అన్నది మేం మళ్లా అంటుంటే, తర్వాతది ఎతుక్కునేందుకు ఆమెకు టైం దొరుకుతది." ఎన్ని వ్యాసాలు చదివినా ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు నాకు.

అయ్యాక మెట్ల దగ్గర పట్టుకున్నాడు. ఇక తప్పదు. "మూడో పాట ఇక్కడ బతికుంది తమ్మీ, ఆల్బంలో లేదు" అన్నాను.

మొహం కాస్త చిన్నబోయింది. మిక్సింగ్ చేసినాయన గొంతును సాఫ్ట్‌వేర్‌తో సరిచేశాడట, ఆ ఊగే స్వరాన్ని నేరుగా గాంధారం మీద కూర్చోబెట్టాడట. తీగల మీద వేళ్లు రాసుకునే చప్పుడు కూడా తీసేశాడట. "అపశ్రుతి అన్నడన్నా, నేను కూడా అవునేమో అనుకున్న."

పాత టేకు ఉందా అంటే ఉందన్నాడు. పంపమన్నాను. ఇంకా రాలేదు, అలిగాడేమో.

మిగతా పాటల్లో నాలుగోది, ఆరోది లేకపోయినా నష్టం లేదు. ఆ మాట మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు నేను హాల్లో ఫోన్‌తో తీసిన రికార్డింగే వింటున్నాను. "లేటు" దగ్గర అమ్మ దగ్గు కూడా పడింది.