మిర్చి యార్డు కథ: ఏడో వారం, మూడో ప్రతి

గుంటూరు మిర్చి యార్డుకి కాయ తెచ్చిన రైతు మీద మేం రాస్తున్న కథ ఇది. రెండో ప్రతి 1,940 మాటలు, మూడోది 1,420. ఈ వారం పనంతా విశేషణాల మీదే.

1899లో గోర్కీకి రాసిన ఉత్తరంలో రష్యన్ కథకుడు చెహోవ్ సలహా ఇది: ప్రూఫు దిద్దేటప్పుడు నామవాచకాలకూ క్రియలకూ తగిలించిన విశేషణాలు వీలైనన్ని కొట్టెయ్యండి. కొట్టేసి ఊరుకుంటే మాత్రం వాక్యం బోలుగా మిగులుతుంది. 'రైతు దిగులుగా కూర్చున్నాడు'లో 'దిగులుగా' తీస్తే ఎక్కడ కూర్చున్నాడో, ఎలా కూర్చున్నాడో ఏమీ కనపడదు. తీసిన మాట బరువు క్రియ మొయ్యాలి. 'రైతు టిక్కీ పక్కన గొంతుక్కూర్చున్నాడు.' (మొదట 'బస్తా' అని ఉండేది. గుంటూరు యార్డులో దాన్ని టిక్కీ అంటారు.)

పద్ధతి: ప్రతిని వరసల మధ్య రెట్టింపు ఖాళీతో అచ్చు తీసి, 'గా'తో ముగిసే మాటలకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాలి. ఆ మాట మీద వేలు పెట్టి వాక్యం చదవాలి. మొదటి నాలుగు పేజీల్లో 31 తేలాయి. 19 పోయాయి, 8 చోట్ల క్రియ మారింది, 4 ఉన్నాయి. ఆ నాలుగూ తీస్తే జరిగిన విషయమే మారిపోతుంది.

పెద్ద తప్పు మొదటి పేరాలో దొరికింది. ఘాటుకి రైతు తుమ్ముతున్నాడు! ఏటా కాయ తెచ్చే మనిషికి ఆ ఘాటు అలవాటే. ఆ తుమ్ముని, రైతు వెంట వచ్చిన అల్లుడికి ఇచ్చాం. దాంతో 'అల్లుడు యార్డుకి కొత్త' అనే వాక్యం అక్కర్లేకపోయింది.

సంభాషణల్లో 'అన్నాడు' ఒక్కటే ఉంచాం. "తాలెక్కువుంది బాబాయ్, రేటు తగ్గుద్ది," అన్నాడు గుమాస్తా. ముందు 'అని నిర్దాక్షిణ్యంగా పలికాడు' ఉండేది. రంగు తప్పిన కాయని తాలు కింద తీసేస్తున్నప్పుడు ఆ కటువు మాటలోనే ఉంది. యాస మాత్రం ఇంకా జారుతోంది: అదే గుమాస్తా ఐదో పేజీలో 'తగ్గుతుంది' అంటున్నాడు. ఒక్కో పాత్ర మాటలు విడిగా ఎత్తి రాసుకుని, వరసగా పైకి చదివితే ఇది చెవికి తగులుతుంది. మొత్తం కథగా చదివితే దొరకదు, కథ లాక్కుపోతుంది.

ముగింపు కుదరలేదు. కాటా అయ్యాక రైతు మనసులో మాట చివరి పేరా విడమరిచి చెబుతోంది. అది తీస్తే, అల్లుడు తాలుకాయ ఒకటి తుంచి చూడటం దగ్గర కథ ఆగుతుంది. రెండు రకాలుగానూ అచ్చు తీసి పక్కన పెట్టాం. పది రోజులాగి చదవాలి.